బ్యాంకు సమ్మెతో దారి మారిన గాయకుడు: క్రిస్టీ మూర్

[తెరపై: ఐర్లండ్ మ్యాప్, కిల్డేర్ కౌంటీ]

1966లో ఐర్లండ్ బ్యాంకు ఉద్యోగులు సమ్మెకు దిగారు. న్యూబ్రిడ్జ్ ఊళ్ళో పుట్టిన 21 ఏళ్ళ గుమాస్తా క్రిస్టీ మూర్ గిటార్ తీసుకుని ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. అక్కడ కూలి పనులు చేస్తూ జానపద క్లబ్బుల్లో పాడారు. మళ్ళీ బ్యాంకు గడప తొక్కలేదు.

మొదటి ఆల్బమ్ 1969లో వచ్చింది. అసలు మలుపు మాత్రం రెండోది, 'ప్రాస్పరస్'. ప్రాస్పరస్ అనేది కిల్డేర్‌లో ఒక ఊరు. అక్కడి పాత ఇంటి నేలమాళిగలో దాన్ని రికార్డు చేశారు. తోడుగా వాయించిన డోనల్ లన్నీ, ఆండీ అర్విన్, లియమ్ ఓఫ్లిన్‌లతో కలిసి 1972లో ప్లాంక్స్‌టీ బృందం పుట్టింది. పాత పాటలకు అంత ఊపు తెచ్చినవాళ్ళు అరుదు.

[తెరపై: బౌరాన్ వాయిస్తున్న చేతులు, దగ్గరగా]

ఇది బౌరాన్. మేకతోలు బిగించిన వాయిద్యం, చూస్తే మన డప్పే గుర్తొస్తుంది. గిటార్ పక్కన పెట్టి, దీని దరువు మీదే మూర్ మొత్తం పాట పాడేస్తారు.

ఇక ఆయన్ని కోర్టుకు ఈడ్చిన పాట గురించి. 1981 ఫిబ్రవరి 14న డబ్లిన్‌లోని స్టార్‌డస్ట్ నైట్‌క్లబ్‌లో మంటలు లేచాయి. 48 మంది చనిపోయారు. అంతా కుర్రవాళ్ళే. బయటపడే తలుపులకు తాళాలు, గొలుసులు! ఎవరో నిప్పు పెట్టి ఉంటారని విచారణ ట్రిబ్యునల్ తేల్చేసింది. కన్నవాళ్ళ కడుపుకోత ఎవరికీ పట్టలేదు.

మూర్ ఊరుకోలేదు. 1985లో 'దే నెవర్ కేమ్ హోమ్' రాసి పాడారు, ఆ గొలుసుల మాటతో సహా. అది కోర్టు ధిక్కారమని తీర్పు వచ్చింది. 'ఆర్డినరీ మ్యాన్' ఆల్బమ్‌ను దుకాణాల నుంచి వెనక్కి తెప్పించి, ఆ పాట తీసేసి ఇంకోటి పెట్టాల్సి వచ్చింది. నా దృష్టిలో ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా పెద్ద పని అదే.

[తెరపై: 2024]

2024 ఏప్రిల్‌లో, స్టార్‌డస్ట్ మరణాల మీద మళ్ళీ జరిగిన విచారణలో జ్యూరీ ఆ 48 మరణాలూ చట్టవిరుద్ధ హత్యలేనని తేల్చింది. ప్రధాని సైమన్ హ్యారిస్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అప్పటికి పాట వచ్చి 39 ఏళ్ళు.

మూర్‌ని కొత్తగా వినేవాళ్ళు 1984 నాటి 'రైడ్ ఆన్' ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో సేనల మీద పోరాడిన ఐరిష్ వాళ్ళ గురించి ఆయన రాసిన పాట అందులోనే ఉంది. కరువుకు ఊళ్ళు వదిలి అమెరికా చేరినవాళ్ళ మీద తమ్ముడు బారీ రాసిన పాట కూడా.