పాత దర్వాజ ఎక్కడిది, ఎప్పటిది?

శ్రోతలకు నమస్కారం. పాలమూరు వైపు గానీ నల్లగొండ వైపు గానీ పాత ఇల్లు విప్పుతుంటే గజలక్ష్మినో, చిలకల వరుసనో చెక్కిన కొయ్య బయటపడుతుంది. వెంటనే సోడానీళ్లతో కడగడం, శాండ్ పేపర్ పట్టడం, వార్నిష్ పూయడం జరిగిపోతాయి. దయచేసి ఆ పని చేయకండి. ఆ చెక్క ఎక్కడిదో తెలిపే ఆధారం మురికిలోనే ఉంటుంది.

కడప, అంటే గడప కొయ్య అయితే నడుమ అరిగి ఉంటుంది, మూలల్లో పసుపు గడ్డకట్టి ఉంటుంది. దర్వాజ పైకమ్మి అయితే మామిడాకులు కట్టిన చిన్నచిన్న మేకుల బెజ్జాలు దొరుకుతాయి. పైకమ్మిలోనూ కడపలోనూ ఎదురెదురుగా గుండ్రటి గుంటలుంటే, ఆ తలుపు మడత బందుల మీద కాకుండా దాని కొయ్య బొడిపెల మీదే తిరిగేదన్నమాట.

ఇప్పుడు చెక్కను బోర్లించండి. ముందువైపు బొమ్మను ఎవరైనా పాతదాన్ని చూసి చెక్కగలరు. వెనకవైపును మాత్రం పట్టించుకునేవాళ్లు తక్కువ, అందుకే నిజం అక్కడ దొరుకుతుంది. బాడిశ దెబ్బలు పల్లపు పొరల్లా కనిపిస్తాయి. చేతి రంపం గీతలు నిటారుగా, ఎడం తప్పుతూ ఉంటాయి. విల్లులా వంగిన గీతలుంటే అది సామిల్లు గుండ్రటి రంపం కోత. మేకులూ అంతే. కమ్మరి కొట్టిన మేకు పలకలుగా, తల వంకరగా ఉంటుంది. మిల్లు తీగ మేకు గుండ్రంగా ఉంటుంది. అయితే ఒక్క మేకును చూసి తీర్పు చెప్పొద్దు, మరమ్మతులో కొత్తది వేసి ఉండవచ్చు.

పుచ్చు బెజ్జాల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. పురుగు లోపల వంకరటింకరగా తొలుస్తుంది. సన్నటి తీగ దూరిస్తే కాస్త దూరం పోయి ఆగుతుంది. అన్నీ ఒకే లావుగా, నిటారుగా ఉంటే డ్రిల్లు పని అయి ఉండవచ్చు. చెక్కిన బొమ్మ మీదే పురుగు దారి పొడవునా కాలువలా తెరుచుకొని కనిపిస్తే, పుచ్చిపోయిన పాత దూలాన్ని తెచ్చి తర్వాత చెక్కారని గట్టిగా అనుమానించవచ్చు.

కొయ్య జాతిని వెనకవైపు బ్లేడుతో తీసిన పలచటి పెచ్చుతో పరీక్షించవచ్చు. వేగిస పెచ్చు నీళ్లలో వేసి వెలుతురులో చూస్తే నీలిఛాయ తేలుతుంది. ఎండిన టేకు ఘనపుటడుగుకు సుమారు 18 కిలోలు, జిట్రేగి 24 కిలోల దాకా తూగుతుంది. కార్బన్ పరీక్ష మీద ఆశ పెట్టుకోకండి. 1650 తర్వాతి కొయ్యకు అది కచ్చితమైన ఏడాది చెప్పలేదు. పైగా అది చెప్పేది చెట్టు వయసు, చెక్కిన నాటిది కాదు.

కమ్మి మీద సంవత్సరం చెక్కి ఉంటే అది ఏ లెక్కో చూసుకోండి. నిజాం కాలపు ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది: 1320 ఫసలీ అంటే 1910 ప్రాంతం. శాలివాహన శకానికి 78 కలపాలి.

ఇంకో మాట. కృష్ణ ఒడ్డున శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయిన ఊళ్లవాళ్లు ఇళ్లు విప్పి, దర్వాజలు కొత్త ఊళ్లకు మోసుకొచ్చుకున్నారు. కాబట్టి కొల్లాపురం, అలంపురం వైపు దొరికిన చెక్కకు ఇప్పటి ఊరే సొంతూరు కానక్కరలేదు. ఇంటి పెద్దలను, పని తెలిసిన వడ్లాయనను అడగండి. ముంపుకు ముందు అది ఎవరి ఇంట్లో, ఏ దిక్కు గోడకు ఉండేదో రాసుకోండి.

100 ఏళ్లు దాటిన శిల్పం 1972 చట్టం కింద పురావస్తువు అవుతుంది. దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. కొనే వ్యాపారికి లైసెన్సు ఉందో లేదో అడగండి. గోడ నుంచి విప్పకముందే ముందు, వెనక, అతుకులు, మేకులు కనిపించేలా, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. గోడలోంచి పెకలించాక ఆ వివరాలు మళ్లీ దొరకవు.