మినీ ట్రాక్టర్‌కు వెనక వర్క్ లైట్లు: ఎర్త్ దగ్గర మోసపోకండి

నమస్కారం అన్నా. ఇది పాకాల దగ్గర మా మామిడి తోట, ఇది మన మినీ ట్రాక్టర్. వెనక కంపెనీ ఇచ్చిన లైటు చూడండి, ఇంత చిన్నది. రోటవేటర్ దించితే పళ్ళు ఎక్కడ పడుతున్నాయో కనపడదు. వాన పడిందంటే చెనిక్కాయ చేలకు అదును రెండు మూడు రోజులే, అప్పుడు రాత్రి కూడా దున్నక తప్పదు. అందుకే వెనక రెండు లైట్లు పెడుతున్నాం.

సామాన్లు ఇవి. 27 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు, ఫ్లడ్ రకం. స్పాట్ రకం తీసుకోవద్దు, అది దూరంగా ఒకచోటే కొడుతుంది, మనకు పరుచుకునే వెలుతురు కావాలి. నాలుగు పిన్నుల 12 వోల్టుల రిలే (స్విచ్ నుంచి కొంచెం కరెంటు ఇస్తే లైట్ల పెద్ద కరెంటును తనే కలిపే చిన్న డబ్బీ), ఫ్యూజ్ హోల్డర్, 10 ఆంపియర్ ఫ్యూజు, స్విచ్, రింగ్ లగ్గులు (వైరు చివర నొక్కి బోల్టుకు బిగించే రింగులు), వైర్లను కప్పే స్లీవు. వైరు 2.5 స్క్వేర్ ఎంఎం. లెక్క ఒకసారి చూడండి: రెండు లైట్లూ కలిపి 54 వాట్లు, 12తో భాగిస్తే నాలుగున్నర ఆంపియర్లు. అంతే. అదే పాత 55 వాట్ల హాలోజన్ రెండు పెడితే తొమ్మిది దాటుతుంది. చిన్న బండికి ఆల్టర్నేటర్ కూడా చిన్నదే కదా, అందుకే నేను ఎల్‌ఈడీయే చెబుతా.

ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. ఎప్పుడైనా మైనస్ ముందు తీయాలి, చివర్లో పెట్టాలి.

లైట్లు ఎక్కడ? చాలామంది పైన రోల్‌బార్‌కు పెడతారు. మామిడి తోటలో కొమ్మలు కొడతాయి, అందుకే నేను మడ్‌గార్డ్ మీదే, ఇదిగో ఇక్కడ, ఇక్కడ. రంధ్రం వేశాం, బోల్టు, నైలాక్ నట్టు, అంటే లోపల నైలాన్ రింగు ఉండే నట్టు. మామూలు నట్టు వేస్తే రోటవేటర్ అదురుకు రెండో రోజుకే వదులవుతుంది.

ఇప్పుడు రిలే. కింద నంబర్లు ఉన్నాయి, కెమెరా దగ్గరికి పెడుతున్నా. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి, మధ్యలో ఫ్యూజు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపలే ఉండాలి, వైరు ఎక్కడ ఒరుసుకున్నా అదే కాపాడుతుంది. 87 నుంచి రెండు లైట్ల ఎర్ర వైర్లకు. 86కి స్విచ్, 85 ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి పోయే దారి. స్విచ్‌కు కరెంటు కీ ఆన్ చేస్తేనే వచ్చే వైరు నుంచి, అదీ ఫ్యూజు తర్వాత తీసుకోండి. అప్పుడు లైట్లు మర్చిపోయి ఇంటికి వెళ్ళినా బ్యాటరీ దిగదు. ఐదు పిన్నుల రిలే ఇచ్చారా? మధ్య పిన్ను 87ఏ, దాన్ని ఖాళీగా వదిలేయండి. పొరపాటున లైటు దానికిచ్చారంటే స్విచ్ ఆపితే వెలుగుతుంది, వేస్తే ఆరిపోతుంది.

వైరు లాగడం చూస్తున్నారు కదా, సైలెన్సర్‌కు దూరంగా, రోటవేటర్‌ను ఎత్తే లిఫ్ట్ ఆర్మ్స్ తగలకుండా. రేకులో రంధ్రం గుండా పోయేచోట రబ్బరు గ్రోమెట్. అంతే.

ఇప్పుడు ఎర్త్. ఇక్కడ కొంచెం ఆగండి అన్నా.

పోయినసారి మా బావ బండికి చేసినప్పుడు, లైటు నల్ల వైర్లు రెండూ ఈ మడ్‌గార్డ్ బోల్టుకే బిగించా. ఇనుమే కదా, ఎర్తే కదా అనుకున్నా. లైట్లు వెలిగాయి. చేలోకి పోయి రోటవేటర్ దించగానే మిణుకు మిణుకు. ఒక లైటు మార్చా. రిలే మార్చా. రాత్రి పది దాకా టెన్షన్, అదును పోతోంది. చివరికి మల్టీమీటర్ పెట్టి చూస్తే తెలిసింది. మడ్‌గార్డ్ కింద రబ్బరు ప్యాకింగ్, బోల్టు చుట్టూ పెయింటు. కరెంటు వెనక్కి పోవడానికి దారే సరిగ్గా లేదు. మూడు వోల్టుల పైనే అక్కడ తినేస్తోంది. లైటు మీద 10 నుంచి 30 వోల్టులు అని రాసి ఉంది చూడండి, 10 కిందకి దిగితే అది నిలకడగా వెలగదు.

అందుకే ఇప్పుడిలా చేస్తున్నా. రెండు లైట్ల నుంచీ నల్ల వైరు విడిగా తెచ్చి నేరుగా బ్యాటరీ మైనస్‌కే. ఎర్ర వైరు ఎంత మందమో నల్లదీ అంతే మందం. పోయింది ఎంత కరెంటో తిరిగి వచ్చేదీ అంతే కదా. అంత వైరు లేదంటే గేర్‌బాక్స్ బోల్టుకు పెట్టొచ్చు, కానీ సాండ్ పేపర్‌తో తెల్లటి ఇనుము కనపడేదాకా గీకండి. లగ్గు బిగించాక పైన వాజలీన్ రాయండి, తుప్పు పట్టదు. లగ్గు నొక్కడానికి క్రింపింగ్ ప్లయర్ కొనుక్కోండి అన్నా, మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కినవి నా దగ్గర ఊడిపోయాయి.

ఎలా చూసుకోవాలంటే, లైట్లు వేసి ఉంచి, మీటర్ ఒక ముల్లు లైటు నల్ల వైరు జాయింట్ మీద, ఇంకో ముల్లు బ్యాటరీ మైనస్ మీద. ఇదిగో, 0.1. అర వోల్టు దాటిందంటే జాయింట్ విప్పి మళ్ళీ చేయండి. బల్బు వెలిగింది కదా అని వదలొద్దు, ఇది చూసే వదలండి.

సరే, చీకటి పడింది. స్విచ్ వేస్తున్నా. ఎడమ లైటు కొంచెం కిందకి, రోటవేటర్ వెనక రెండు మూడు అడుగుల దగ్గర పడాలి. కుడిది కూడా. ఇంజన్ ఆపే సర్దుతున్నా చూడండి. పీటీఓ, అంటే రోటవేటర్‌ను తిప్పే వెనక షాఫ్టు, తిరుగుతుంటే వెనక్కి పోవద్దు, లైటు బాగా ఉందని అసలు పోవద్దు.

రోడ్డెక్కేటప్పుడు ఈ స్విచ్ ఆపేయండి. వెనక వచ్చే బైకు వాళ్ళ కళ్ళల్లో నేరుగా కొడుతుంది, వాళ్ళకు మన ఎర్ర లైటు కనపడదు. నేను స్విచ్ పక్కన చిన్న ఎర్ర ఇండికేటర్ పెట్టుకున్నా, వేసి ఉంటే తెలుస్తుంది. అది 87 నుంచే తీశా, వైరు ఇదిగో, ఇలా.