వలిసెలు పాతబడితే పిట్ట రాదు

అందరికీ నమస్కారం. పెరట్లో ఫీడర్ కట్టాం, గింజలు పోశాం, అయినా గోల్డ్‌ఫించ్ అనే చిన్న పసుపు పిట్ట ఒక్కటీ వాలడం లేదని మన న్యూజెర్సీ తెలుగువాళ్లు తరచూ అడుగుతుంటారు. 1935 నుంచి ఈ రాష్ట్రపు అధికారిక పక్షి అది. ఊరి నిండా ఉన్న పిట్ట మన పెరట్లోకి ఎందుకు రాదు?

నన్నడిగితే చాలాసార్లు తప్పు గింజది. ఇక్కడ నైజర్ అని అమ్మే సన్నటి నల్ల గింజలు మన వలిసెలే. చలికాలం మొదట్లో అరకు లోయ కొండవాలులు పసుపుపచ్చగా పూస్తాయే, ఆ పంటే. అమెరికాకు ఎక్కువగా ఇథియోపియా నుంచి, ఇండియా నుంచి వస్తాయి. వాటితోపాటు వచ్చే కలుపు విత్తనాలు మొలవకుండా ముందే బాగా వేడి చేస్తారు. అంత దూరం నుంచి వచ్చి, షాపులో నెలల తరబడి మూలుగుతుంటే లోపల నూనె ఎండిపోతుంది. ఎండిన గింజను ఈ పిట్ట ముట్టదు. నాలుగు గింజలు తెల్ల కాగితం మీద వేసి గోటితో గట్టిగా నలపండి. నూనె మరక పడితే మంచివి, పొడి రాలితే పారేయండి. చవకగా వస్తుందని కాస్ట్కో లెక్కలో పెద్ద బస్తా కొనకండి, చిన్న సంచీ చాలు.

ఇంకో తమాషా. ఈ పిట్ట గింజ వలిచి పప్పు తిని పొట్టు వదిలేస్తుంది. ఆ పొట్టూ నల్లగానే ఉంటుంది కాబట్టి కింద రాలినవన్నీ గింజలే అనుకుంటాం. పట్టుకు చూస్తే ఉత్త డొల్ల!

ఫీడర్‌కు సన్నటి చీలికలున్న గొట్టమో, వల సంచో సరిపోతుంది. వానకు తడిసి గింజ ముద్దకడితే మొత్తం తీసెయ్యాలి. రెండు వారాలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే నింపండి. ఫించ్‌లకు కళ్లు వాచే జబ్బు మురికి ఫీడర్ల దగ్గరే ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది.

చలికాలంలో పసుపు పిట్టలు వెళ్లిపోయాయని చాలామంది ఫీడర్ తీసేస్తారు. చాలావరకు అవి ఎక్కడికీ పోవు. ఏడాదికి రెండుసార్లు ఈకలు మారుస్తాయి, అందుకే మగది కూడా అప్పుడు మట్టిరంగులో ఉంటుంది. మీరు పిచ్చుక అనుకున్నది అదే కావచ్చు.

మిగతా పిట్టలు పిల్లల్ని పెంచేసి ఊపిరి పీల్చుకునే జూలై నెలలో ఇవి సంసారం మొదలుపెడతాయి. థిసిల్ అనే ముళ్ల మొక్కల దూదితో గూడు అల్లుతాయి, పిల్లలకు కూడా పురుగులు కాదు, గింజలే పెడతాయి. అందుకే పొద్దుతిరుగుడు, కోన్‌ఫ్లవర్ వాడిపోయాయని కత్తిరించకండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు గొణిగితే గొణగనివ్వండి.

ఉడతల సంగతి అడిగేవాళ్లకు ముందే చెప్తున్నా: వలిసెలంటే వాటికి పెద్ద మోజు లేదు. పొద్దుతిరుగుడు పప్పు కలిపారో, ఇక మీ టెన్షన్ మీది.