రాత్రి వార్డులో ఎవరుంటారు?

(అమలాపురంలో రోగుల బంధువులతో జరిగిన సభలో ఒక సర్జన్ ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. కోనసీమలో ఏ ఇంట్లో ఆపరేషన్ మాట వచ్చినా మొదట అడిగేది "ఎవరు చేస్తున్నారండీ?" అనే. డాక్టరుగారి హస్తవాసి ఎలాంటిదో నలుగురినీ వాకబు చేస్తారు. కాకినాడా, రాజమండ్రా, ఏకంగా హైదరాబాదే వెళ్లిపోవాలా అని రెండు రోజులు తర్జనభర్జన పడతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఈ పదిహేనేళ్లుగా వస్తున్న పరిశోధనలు చదివేకొద్దీ నాకు ఇంకో ప్రశ్న అంతకంటే పెద్దదిగా కనిపిస్తోంది. ఆపరేషన్ అయిన మూడో రాత్రి, రెండు గంటల వేళ, ఆ మంచం దగ్గరికి వచ్చి నాడి చూసేది ఎవరు?

అమెరికాలో 186 ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేయించుకున్న 84,730 మంది వివరాలు పరిశీలించి 2009లో ఒక అధ్యయనం వెలువరించారు. మరణాలు బాగా తక్కువున్న ఆసుపత్రుల్లో నూటికి 3.5 మంది చనిపోతే, బాగా ఎక్కువున్న చోట 6.9 మంది చనిపోయారు. దాదాపు రెట్టింపు. మరి అక్కడ కాంప్లికేషన్లు, అంటే ఆపరేషన్ తర్వాత తలెత్తే ఇబ్బందులు, కూడా రెట్టింపు వచ్చి ఉండాలి కదా? రాలేదు. ఒకచోట నూటికి 24.6, ఇంకోచోట 26.9. ఇంచుమించు సమానమే. తేడా అంతా ఆ తర్వాతే వచ్చింది. పెద్ద కాంప్లికేషన్ వచ్చినవాళ్లలో మంచి ఆసుపత్రుల్లో నూటికి 12.5 మంది పోతే, రెండో రకం ఆసుపత్రుల్లో 21.4 మంది పోయారు. ఇబ్బంది రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా వస్తోంది. దాన్ని సకాలంలో పసిగట్టి మనిషిని బతికించుకోవడంలోనే తేడా ఉంది.

అది అమెరికా సంగతి, మనకేం సంబంధం అనకండి. రొమ్ము, పెద్దపేగు, పొట్ట క్యాన్సర్ ఆపరేషన్ల మీద 82 దేశాల్లో, 428 ఆసుపత్రుల్లో, 15,958 మందిని గమనించిన అధ్యయనం 2021లో వచ్చింది. పెద్ద కాంప్లికేషన్ వచ్చాక చనిపోయే ముప్పు సంపన్న దేశాల కంటే పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల్లో చాలా ఎక్కువని అందులో తేలింది. మనవాళ్లు ముదరబెట్టుకుని వస్తారు కాబట్టే చనిపోతున్నారని మా డాక్టర్లలో చాలామంది నమ్మకం. ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు మరణాలకు మాత్రం క్యాన్సర్ ఏ దశలో ఉందన్నది పెద్దగా కారణం కాదని ఆ లెక్కలు చెప్పాయి. ఆపరేషన్ తర్వాత చూసుకునే ఏర్పాట్లు నిలకడగా లేనిచోట, పెద్ద కాంప్లికేషన్ వచ్చిన ప్రతి వందమందిలో ఏడు నుంచి పదిమంది అదనంగా చనిపోయారు. ఈ వాక్యం చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇది వార్డులో ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. పెద్దపేగులో గడ్డ తీసేశాక రెండు కొసలనూ కలిపి కుడతాం. ఎంత బాగా కుట్టినా కొందరిలో ఆ అతుకు లీకవుతుంది. ఎక్కువగా మూడో రోజు నుంచి వారం పది రోజుల్లోపు బయటపడుతుంది. అప్పటికి రోగి లేచి నాలుగు అడుగులు వేసి ఉంటాడు, ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గి ఉంటుంది. మొదట కనపడేది నొప్పి కూడా కాకపోవచ్చు. నిన్న 84 ఉన్న నాడి ఇవాళ 110 ఉంటుంది. ఊపిరి కాస్త వేగంగా తీస్తాడు. పొట్ట ఉబ్బరంగా ఉందంటాడు. "నాకేదో బాగోలేదు" అంటాడు, ఏమిటో చెప్పలేడు. జ్వరం తర్వాత రావచ్చు, బీపీ పడిపోయేది ఇంకా తర్వాత. కేస్ షీటులో ఆ 110 రాసిన సిస్టర్, రాసి ఊరుకోకుండా డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేస్తే, ఆయన పొద్దున చూద్దాంలే అనకుండా లేచి వస్తే, ఆ మనిషి చాలావరకు బతుకుతాడు. ఒక్క సిస్టర్‌కి నలభై మంచాలు అప్పజెప్పి ఆవిడ గమనించలేదని తప్పు పట్టడం అన్యాయం. ప్రభుత్వాన్నయినా ప్రైవేటునయినా మనం గట్టిగా అడగాల్సింది కొత్త మిషన్ల కంటే ముందు రాత్రి డ్యూటీకి సిస్టర్లని.

సర్జన్ చేసే పని చిన్నదని నేననడం లేదు. మన లంకల్లో పండే పొగాకు చుట్టలవుతుంది, నోటి క్యాన్సరు మనకు కొత్త కాదు. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు మెడలో బిళ్లలు (లింఫు గ్రంథులు) కూడా అప్పుడే తీసేయాలా, కనపడ్డాక తీస్తే చాలా అని ఏళ్ల తరబడి వాదన నడిచింది. ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు 2015లో దాన్ని తేల్చారు. ముందే తీసినవాళ్లలో మూడేళ్ల తర్వాత 80 శాతం మంది బతికున్నారు, ఆగి చూసినవాళ్లలో 67.5 శాతం. మెడ మీద అంత కోత ఎందుకండీ అని మీ డాక్టరుగారితో వాదించే ముందు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

చిన్న పనులూ లెక్కకొస్తాయి. పొట్ట కుట్టేసే ముందు గ్లోవ్స్, పరికరాలు మార్చి శుభ్రమైనవి తీసుకుంటే ఏమవుతుందని మన దేశంతో సహా ఏడు దేశాల్లో 13,301 మందిలో చూశారు. 2022లో ఫలితం వచ్చింది. కోతకు చీము పట్టడం 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది.

ఇక డిశ్చార్జి తర్వాత సంగతి. పప్పు తింటే చీము పడుతుందని మన పెద్దవాళ్ల గట్టి నమ్మకం. అమ్మమ్మల మీద గౌరవంతోనే చెబుతున్నాను, అది నిజం కాదు. కోత మానాలంటే పప్పు, గుడ్డు, చేప, పాలు కావాలి. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప పెట్టండి. పిక్క ఒకవైపే వాచినా, ఆయాసం వచ్చినా, వాంతులు ఆగకపోయినా, కుట్ల దగ్గర ఎర్రబడి తడి కారినా ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ఇంజక్షన్ చేయించి రెండు రోజులు చూడకండి. ఆపరేషన్ చేసిన చోటికే ఫోన్ చేయండి. ఏ నంబరుకి చేయాలో, రాత్రిపూట ఎవరెత్తుతారో డిశ్చార్జి చీటీ మీద రాయించుకోకుండా కదలకండి. అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

సంక్రాంతి వెళ్లాక చేయించుకుంటాం, వరి కోతలయ్యాక వస్తాం అంటుంటారు. క్యాన్సర్‌లో అది కుదరదు. ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే చనిపోయే ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని 2020లో ఏడు రకాల క్యాన్సర్ల మీద వచ్చిన పరిశీలన చెబుతోంది. వరదల కాలమైనా వాయిదా వేయొద్దు. డిశ్చార్జి అయ్యాక ఎక్కడుండాలో మాత్రం ముందే అనుకోండి. పడవ దాటితే తప్ప రోడ్డెక్కలేని లంక ఊరు మీదైతే, ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే, డిశ్చార్జి తర్వాతి రెండు వారాలూ రోగిని రోడ్డున్న ఊళ్లో చుట్టాలింట్లో ఉంచండి. మీ ఊరి ఆశా కార్యకర్తకి ఆ ఇంటి అడ్రసు, ఆసుపత్రి నంబరు ఇచ్చి ఉంచండి.