సూది వద్దన్న తల్లి అడిగేదేమిటి?

శ్రోతలకు నమస్కారం.

బుధవారం, శనివారం మన పల్లెల్లో టీకాల రోజులు. ఆ రోజు అంగన్‌వాడీ కేంద్రానికి పన్నెండు మంది పిల్లలు రావాలి అనుకుందాం. మధ్యాహ్నానికి తొమ్మిది మంది వచ్చారు. ఆశా కార్యకర్త మిగిలిన ముగ్గురి ఇళ్లకూ వెళ్లి, తిరిగొచ్చి, "వాళ్లు వేయించుకోరంట" అంది. రిజిస్టరులో ముగ్గురికీ కలిపి ఒకటే మాట పడింది: నిరాకరణ.

అసలు చిక్కంతా ఆ ఒక్క మాటతోనే వచ్చింది. నిజానికి మొదటి ఇంటివాళ్లు రొయ్యల గుంటల కాపలాకు పోయారు, ఊళ్లోనే లేరు. రెండో ఇంట్లో పోయిన నెల సూది వేశాక బిడ్డ రాత్రంతా జ్వరంతో ఏడ్చింది, తల్లి బెదిరిపోయింది. మూడో ఇంట్లో తల్లికి అభ్యంతరం లేదు, అవ్వ ఒప్పుకోలేదు. ముగ్గురినీ ఒకే గాటన కట్టి "మూఢనమ్మకం" అని తిట్టినా, పథకాలు ఆపేస్తామని బెదిరించినా ఒక్కరూ కదలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆరోగ్యానికి పొంచి ఉన్న పది పెద్ద ముప్పుల్లో టీకాలకు వెనకాడటాన్ని కూడా చేర్చింది. ఆ సంస్థ నిపుణులు చెప్పిన కారణాలు ముఖ్యంగా మూడు: నమ్మకం చాలకపోవడం, ఆ జబ్బు మనకేం వస్తుందిలే అనుకోవడం, టీకా వేయించుకోవడం కష్టం కావడం. మన మూడిళ్లలో వీటిలో మొదటిదీ చివరిదీ కనిపిస్తాయి.

ముందు రెండో ఇంటి సంగతి. మధ్యలో ఆగిపోయే టీకాల వెనక చాలాసార్లు ఉండేది ఆ రాత్రే.

ఆరో వారంలో బిడ్డకు ఒకే పూట మూడు సూదులు పడతాయి. ఎడమ తొడకు పెంటావాలెంట్, కుడి తొడకు న్యుమోనియా టీకా, కుడి చేతికి చర్మంలోకి వేసే పోలియో టీకా. నోట్లో పోలియో చుక్కలు, రోటావైరస్ మందు అదనం. పెంటావాలెంట్ అరమిల్లీలీటరే. కానీ అది ఐదింటిని అడ్డుకుంటుంది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి కామెర్లు, మెదడుపొర వాపునూ న్యుమోనియానూ తెచ్చే హిబ్ బ్యాక్టీరియా. ఇందులోని కోరింత దగ్గు భాగం చంపేసిన బ్యాక్టీరియాతో తయారవుతుంది. బిడ్డ ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపట్టి కలబడుతుంది. ఒళ్లు వేడెక్కడం, తొడ ఎర్రబడి గట్టిపడటం అందువల్లే. ఉదయం పదింటికి సూది వేస్తే జ్వరం సాయంత్రానికి అందుకుంటుంది. అప్పటికి సూది వేసిన నర్సు, అదే ఏ.ఎన్.ఎం., ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది. బిడ్డ తండ్రి పనిమీద ఉంటాడు. పక్కింటావిడ వచ్చి, "బాగున్న బిడ్డకు సూది వేయించి జ్వరం తెచ్చిపెట్టుకున్నావు గదమ్మా" అంటుంది.

ఆ మాటలో అబద్ధం లేదు. మందుకూ టీకాకూ తేడా అక్కడే ఉంది. జబ్బుతో ఉన్న బిడ్డకు మందు చేదుగా ఉన్నా, కడుపులో తిప్పినా తల్లి ఓర్చుకుంటుంది. టీకా వేసేది ఆరోగ్యంగా నవ్వుతున్న బిడ్డకు. దాని మేలు కంటికి కనబడదు, జ్వరం మాత్రం చేతికి తగులుతుంది. అలాంటప్పుడు తల్లి జంకడంలో ఆశ్చర్యం లేదు. జ్వరం వస్తుందని ఎవరూ ముందుగా చెప్పకపోతేనే ఆ జంకు భయంగా మారుతుంది.

అందుకే సూది వేశాక ఏ.ఎన్.ఎం. తప్పనిసరిగా చెప్పాల్సిన మాటలు నాలుగున్నాయి. ఈరోజు ఏ టీకా వేశాం, అది ఏ జబ్బును ఆపుతుంది. వేసినందువల్ల ఏమేం రావచ్చు, వస్తే ఏం చేయాలి. మళ్లీ ఎప్పుడు రావాలి. కార్డు జాగ్రత్తగా పెట్టుకుని వచ్చేటప్పుడు తేవాలి. రద్దీ రోజున కరువయ్యేది రెండో మాటే. ఏ.ఎన్.ఎం. మరిచిపోతే తల్లులే అడగాలి.

జ్వరానికి ఇచ్చేది పారాసిటమాల్. మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఐదు కిలోల బిడ్డకు 50 నుంచి 75 మిల్లీగ్రాములు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఐదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే ఆ బిడ్డకు 2 నుంచి 3 మిల్లీలీటర్లు. ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందయితే అర నుంచి ముప్పావు మిల్లీలీటరే. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగింతలు పడుతుంది, అది ప్రమాదం. కాబట్టి సీసా ఏ.ఎన్.ఎం.కు చూపించి, ఎంతవరకు పోయాలో మందు కొలిచే పిచికారీ మీద గీత పెట్టించుకోండి. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా ఇవ్వాలి. రెండు నెలలు నిండని బిడ్డకు మాత్రం మీ లెక్కతో ఇవ్వకండి, వాళ్లు చెప్పిన మోతాదే ఇవ్వండి. తల్లిపాలు మానకండి. వాచినచోట శుభ్రమైన తడిగుడ్డ వేయొచ్చు. రుద్దడం, కాపడం, పసుపు, సున్నం ఏవీ వద్దు.

ఇది మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మూడు గంటలు దాటినా ఏడుపు ఆగకపోతే, ఫిట్స్ వస్తే, బిడ్డ వేలబడిపోతే, ఊపిరి తీసుకోవడం కష్టమైతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. తీవ్రమైన ఎలర్జీ దాదాపు పది లక్షల డోసుల్లో ఒకటికి వస్తుంది. ఎక్కువగా మొదటి అరగంటలోనే వస్తుంది. సూది వేశాక అరగంట కూర్చోమనేది అందుకే. అడ్రినలిన్ ఇంజెక్షన్ కిట్ ఏ.ఎన్.ఎం. దగ్గరే ఉంటుంది. "పని ఉంది" అని లేచిపోతే ఆ కిట్ దగ్గర ఉండీ లాభం లేదు.

ఇంకో రెండు టీకాలు తల్లులను తికమక పెడతాయి. పుట్టగానే ఎడమ భుజానికి వేసే క్షయ టీకా బి.సి.జి. దగ్గర రెండు నుంచి ఆరు వారాల తర్వాత పొక్కు లేచి, పుండై, చివరికి మచ్చగా మిగులుతుంది. పుండు పడింది కదా అని మందు రాయకూడదు, అది మానే తీరే అంత. తొమ్మిదో నెలలో వేసే తట్టు-రుబెల్లా టీకాకు జ్వరం వెంటనే రాదు, వారం పది రోజులకు వస్తుంది. కొందరికి ఒంటిమీద సన్నటి దద్దు కూడా లేస్తుంది. "టీకా వేస్తే తట్టే వచ్చింది" అనే మాట ఇక్కడే పుడుతుంది. దానంతటదే పోతుందని ముందే చెబితే ఆ మాట పుట్టదు.

మరి టీకా వల్ల బిడ్డలు చనిపోయారన్న వార్తల సంగతేమిటి? అన్నీ పుకార్లని కొట్టిపారేయడం నిజాయితీ కాదు. తట్టు-రుబెల్లా, బి.సి.జి. పొడి రూపంలో వస్తాయి. ద్రవంతో కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. తట్టు టీకాలో సూక్ష్మజీవులను అడ్డుకునే మందు ఉండదు. గడువు దాటాక వాడితే అందులో బ్యాక్టీరియా పెరిగి బిడ్డ ప్రాణానికే ముప్పు తెస్తుంది. అందుకే సీసామీద కలిపిన సమయం రాయాలనే నియమం పెట్టారు. ఆ సమయం చూపించమని అడగండి. సీసామీద చిన్న గుండ్రటి గుర్తుంటుంది, మధ్యలో చదరం. చదరం, దాని చుట్టూ ఉన్న వలయం కంటే లేతగా ఉంటే టీకాకు ఎండ దెబ్బ తగల్లేదని అర్థం. రెండూ ఒకే రంగుకొస్తే, లేదా చదరం ఇంకా ముదిరితే ఆ సీసా పనికిరాదు. మన మే నెల ఎండల్లో ఐసు ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదనుకుంటారు, అదీ పొరపాటే. పెంటావాలెంట్ గడ్డకడితే చెడిపోతుంది. అందుకే ఐసు ప్యాకును కాసేపు బయట పెట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలే చప్పుడు వినబడ్డాకే టీకాల పెట్టెలో పెట్టాలి. ఇవన్నీ చూపించమంటే ఏ.ఎన్.ఎం. చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు. చూపించిన చోట నమ్మకం దానంతటదే వస్తుంది.

కాకి వాలడం, తాటికాయ రాలడం అని మనకో సామెత ఉంది. కాకతాళీయం అనే మాట అక్కడిదే. ఏడాదిలోపు బిడ్డలకు జబ్బులు ఎక్కువ, టీకాలు ఎక్కువ పడేదీ ఆ ఏడాదిలోనే. కాబట్టి రెండూ ఒకే వారంలో తటస్థపడటం మామూలే. అంతమాత్రాన "కాకతాళీయం" అని చేతులు దులుపుకుంటే బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు వినదు. టీకా తర్వాత జరిగిన ప్రతి తీవ్రమైన సంఘటననూ నమోదు చేసి విచారించే కమిటీలు జిల్లాలో, రాష్ట్రంలో ఉన్నాయి. విచారణలో తేలిందేమిటో అదే ఇంటికి వెళ్లి, అదే గడపలో కూర్చుని చెప్పాలి. చెప్పకుండా వదిలేసిన ఒక్క మరణం చాలు, చుట్టుపక్కల ఊళ్లు కూడా టీకాలకు దూరమవుతాయి.

ఇప్పుడు మూడో ఇల్లు, అవ్వ. ఆమెకు కారణాలు లేవనుకోకండి. ఆమె చిన్నప్పుడు తట్టు అంటే అమ్మవారు. వేపాకులు పరిచి, తాలింపు మాని, బిడ్డను చల్లగా చూసుకునేవారు. ఆ పద్ధతికీ టీకాకూ తగవేమీ లేదు. వేపాకు పెట్టుకోనివ్వండి. తిండి, నీళ్లు, పాలు మాత్రం తగ్గించొద్దనండి. తట్టు వచ్చిన బిడ్డకు కంటిచూపు పోకుండా వరసగా రెండు రోజులు విటమిన్-ఎ ఇవ్వాలని చెప్పండి. ఆరు నుంచి పదకొండు నెలల బిడ్డకు రోజుకు లక్ష యూనిట్లు, ఏడాది దాటితే రెండు లక్షలు. అది ఆరోగ్య కేంద్రంలోనే వేయించాలి. తరతరాలుగా అమ్మవారని దండం పెట్టిన మశూచి 1980 నాటికి లోకంలోనే లేకుండా పోయిందంటే అది టీకాతోనే. ఆ సంగతి అవ్వకు తెలుసు. ఆమె తోటివాళ్ల ముఖాల మీద ఆ మచ్చలు చూసే ఉంటుంది.

పిల్లలు పుట్టకుండా చేసే సూది అన్న భయం కూడా గాల్లోంచి రాలేదు. 1975-77 ఎమర్జెన్సీ రోజుల్లో బలవంతపు ఆపరేషన్ల సంగతి ఆ తరం మరిచిపోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను ఒక ప్రాజెక్టు కింద వేశారు. హాస్టల్ పిల్లల విషయంలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ ప్రాజెక్టును ఆపేశారు. టీకా వేశాక జరిగిన మరణాలకు బహుశా టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. అయినా అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. టీకాలో లోపం లేకపోయినా, అడగకుండా వేయడం వల్ల నమ్మకం పోయింది. రుబెల్లా టీకా విషయంలో అవ్వకు చెప్పాల్సింది ఒకటుంది: గర్భం తొలి మూడు నెలల్లో రుబెల్లా సోకితే పుట్టే బిడ్డకు చెవుడు, కంట్లో శుక్లాలు, గుండె లోపాలు రావచ్చు. మనవరాలి కడుపు చల్లగా ఉండాలనే ఈ సూది.

2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం వేలమంది బారులు తీరారు. ఆ మందు కొవిడ్‌ను నయం చేస్తుందని రుజువు కాలేదు. కానీ అక్కడికి వెళ్లినవాళ్లను వెక్కిరించేముందు ఒకటి గమనించాలి. మన ఊరి మనిషి, మన మాటతో, డబ్బు తీసుకోకుండా, తన చేత్తో ఇచ్చాడు. జనం చూసింది ఆ దగ్గరితనాన్నే. ఆశా కార్యకర్తకూ అంగన్‌వాడీ టీచరుకూ ఆ దగ్గరితనం ఉంది. దాన్ని లెక్క పూర్తిచేయడానికి కాకుండా మాట వినడానికి వాడాలి. "ఎందుకు వేయించవు?" అని గద్దించకుండా "అవ్వా, నీకేం భయంగా ఉందో చెప్పు" అని కూర్చోవాలి. ఆమె చెప్పేది పూర్తిగా వినాలి. "నాకు తెలిసింది చెప్పనా?" అని అడిగి, ఆమె అడిగినదానికే జవాబివ్వాలి. తెలియనిది డాక్టరును అడిగి చెబుతాననాలి, మళ్లీ వచ్చి చెప్పాలి. మొదటిరోజే ఒప్పుకోకపోయినా తలుపు మూసుకోదు.

మొదటి ఇంటికి నచ్చజెప్పేదేమీ లేదు. గుంటల మీద ఉండే యానాది కుటుంబాలు, చీమకుర్తి క్వారీల్లో పనికొచ్చిన ఇతర రాష్ట్రాల కూలీలు, కనిగిరి, పామూరు నుంచి హైదరాబాదు, బెంగళూరు పనులకు పోయేవాళ్లు, వీళ్లకు పగటి పూట అంగన్‌వాడీకి రావడమంటే ఒక రోజు కూలి పోవడం. టీకాల పెట్టెనే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి, అదీ పనయ్యే వేళకు. జువ్వలదిన్నె, మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, అంటే 61 రోజులు. తండ్రులు ఇంట్లో ఉండే కాలం అది. తండ్రితో మాట్లాడటానికి అంతకంటే మంచి అదను దొరకదు. ఆసుపత్రిలో ఒకసారి కసురుబాటు తిన్న తల్లి మళ్లీ ఆ గుమ్మం తొక్కదు. ఆమెను పేరుపెట్టి పిలిచి కూర్చోబెట్టడం కూడా టీకా పనిలో భాగమే.

తప్పిపోయిన డోసు గురించి ఒక మాట. ఆలస్యమైతే మొదటినుంచి మళ్లీ వేయరు, ఆగినచోటి నుంచే కొనసాగిస్తారు. తట్టు-రుబెల్లా ఐదేళ్లలోపు ఎప్పుడైనా వేయించవచ్చు. మామూలు జలుబు, దగ్గు ఉన్నా టీకా ఆపనక్కర్లేదు. కార్డు పోయిందని సిగ్గుపడి ఆగిపోకండి, ఏ.ఎన్.ఎం. రిజిస్టరులో వివరాలుంటాయి. వేరే ఊళ్లో ఉంటే అక్కడి ఆరోగ్య కేంద్రంలోనే వేయించుకోవచ్చు.

ఏ.ఎన్.ఎం.లకూ ఆశా కార్యకర్తలకూ చివరగా ఒకటి. ఆ ముగ్గురి పేర్ల పక్కన "నిరాకరణ" కొట్టేసి ఇలా రాసుకోండి. ఒకటి: గుంటల దగ్గర ఉన్నారు, శనివారం సాయంత్రం ఐదింటికి మనమే వెళ్లాలి. రెండు: జ్వరానికి భయపడింది, పిచికారీ మీద గీత పెట్టివ్వాలి, ఆ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేయాలి. మూడు: అవ్వతో మాట్లాడాలి, ముందు ఆమె చెప్పేది వినాలి.

నమస్కారం.