జాలీ వెనక జనం
(నల్లగొండలో యువ క్రీడాకారులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెద్దలూ, అందరికీ నమస్తే.

నల్లగొండలో ఆడేది కబడ్డీ, క్రికెట్ అయితే ఫుట్‌బాల్ లొల్లుల గురించి ఏం చెప్తవన్నా అని పొద్దున ఒక తమ్ముడు అడిగిండు. లొల్లికి ఏ ఆటైనా ఒకటే. 1996 ప్రపంచకప్ సెమీఫైనల్లో మనోళ్లు 120కే 8 వికెట్లు పోగొట్టుకుంటే ఈడెన్ గార్డెన్స్‌లో సీసాలు విసిరిండ్రు, స్టాండ్లలో మంటలు పెట్టిండ్రు. మ్యాచ్ శ్రీలంకకు పోయింది. అదే గ్రౌండులో 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఫుట్‌బాల్ క్లబ్బులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడుతుంటే గొడవ లేచి 16 మంది చనిపోయిండ్రు. వాళ్లంతా ఆట చూడ్డానికి టికెట్ కొనుక్కొని వచ్చినోళ్లు.

నేను ఈరోజు ముఖ్యంగా చెప్పదల్చుకున్నది ఇంగ్లండ్ సంగతి. 1970లు, 80లలో అక్కడ కొన్ని ముఠాలు ఆట కోసం కాదు, కొట్లాట కోసమే స్టేడియానికి వచ్చేవి. 1985 మే 29న బ్రసెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌కు, ఇటలీ క్లబ్బు యువెంటస్‌కు యూరోపియన్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్. ఆట మొదలుకాకముందే లివర్‌పూల్ అభిమానుల్లో ఒక గుంపు పక్క స్టాండు మీదికి ఉరికింది. అక్కడున్నోళ్లు భయంతో వెనక్కి జరిగి గోడకు ఒత్తుకుపోయిండ్రు. గోడ కూలింది. 39 మంది పోయిండ్రు, ఎక్కువమంది ఇటలీ వాళ్లు. స్టేడియం పాతబడి శిథిలంగా ఉన్న మాటా నిజమే, కానీ ఆ ఉరుకుడు లేకుంటే ఆ చావులు లేవు. ఇంకో ఘోరం, ఆ తర్వాత మ్యాచ్ ఆడించిండ్రు! ఇంగ్లండ్ క్లబ్బులను ఐదేండ్లు యూరప్ పోటీల నుంచి వెలివేసిండ్రు, లివర్‌పూల్‌ను ఆరేండ్లు.

రౌడీల భయంతో అక్కడి స్టేడియాల్లో ప్రేక్షకుల ముందు ఇనుప జాలీలు కట్టిండ్రు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియం బయట లివర్‌పూల్ అభిమానుల రద్దీ పెరిగిందని పోలీసులు ఒక పెద్ద గేటు తెరిచిండ్రు. జనమంతా అప్పటికే నిండిన గోల్‌పోస్టు వెనక భాగంలోకే పోయిండ్రు. ముందు జాలీ, వెనక తోపులాట. ఊపిరాడక జాలీ ఎక్కుతున్నోళ్లను చూసి, గ్రౌండులోకి చొరబడుతున్నరని పోలీసులు అనుకున్నరు. మొత్తం 97 మంది పోయిండ్రు. అందులో ఒకాయన ఆనాటి గాయాలతో 2021లో కన్నుమూసిండు.

తాగినోళ్లు గేటు విరగ్గొట్టుకొని వచ్చిండ్రని పోలీసులు చెప్పిండ్రు. లోకం చాలావరకు నమ్మింది. ఎందుకు నమ్మదు? నాలుగేండ్ల కింద హేసెల్‌లో కనపడ్డది ఈ క్లబ్బు వాళ్లే కదా. అభిమానుల తప్పేం లేదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. రౌడీ చేసే అన్నిటికంటే పెద్ద నష్టం నా లెక్కల ఇదే. వాడు కొట్టే దెబ్బ ఒకరికే తగులుతది, కానీ వాడు తెచ్చిన చెడ్డపేరు పక్కన కూసున్న అమాయకుని మీద అబద్ధాన్ని నిజం చేస్తది.

హిల్స్‌బరో మీద విచారణ చేసిన జడ్జి టేలర్ 1990లో ఇచ్చిన నివేదికతో జాలీలు పోయినయి, పెద్ద స్టేడియాల్లో అందరికీ సీట్లు వచ్చినయి. టికెట్ల ధరలు కూడా పెరిగినయనుకోండి, కూలినాలి చేసుకునేటోళ్లకు అది వేరే దెబ్బ.

2022లో ఇండోనేసియాలోని కంజురుహాన్ స్టేడియంలో అయితే అవతలి జట్టు అభిమానులే లేరు. ఓడిపోయిన కోపంతో సొంత జట్టు వాళ్లే గ్రౌండులోకి దిగితే, పోలీసులు స్టాండ్లలోకీ టియర్ గ్యాస్ కొట్టిండ్రు. జనం ఇరుకు ద్వారాల దగ్గర ఒకరిమీద ఒకరు పడ్డరు. 135 మంది పోయిండ్రు!

మన ఊర్లలో సంక్రాంతి టోర్నమెంట్లలో అంపైర్ మీదికి పోవడం, కుర్చీలు లేపడం మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. ఒక్కసారి లొల్లైతే మరుసటేడు పర్మిషన్ దొరకదు, ఆడపిల్లలను చూడ్డానికి పంపరు. అప్పుడు నిర్వాహకులకు వచ్చే మొదటి ఆలోచన, జాలీ కట్టి తాళం వేద్దామని. కడితే కట్టండి. కానీ గేటు బయటికి తెరుచుకునేటట్టు పెట్టండి, తాళంచెవి ఉన్న మనిషి ఆట అయిపోయి ఆఖరి పిల్లగాడు బయటపడేదాకా ఆ గేటు దగ్గరే నిలబడాలె. ఇక మీరు అడగండి.