పాత పంచె, చింతపిక్కలు, గుండ్రటి పేకముక్కలు

శ్రోతలందరికీ నమస్కారం.

బడిలో "పనికిరాని వస్తువులతో ఏదైనా చేసుకురండి" అన్నారనుకోండి, ఆ సాయంత్రమే తండ్రి షాపు ముందు నిలబడతాడు. థర్మోకోల్ షీటు, మెరుపుల పొడి, ఐస్‌క్రీం పుల్లల కొత్త ప్యాకెట్టు, జిగురు సీసా. పారేసే వస్తువులతో బొమ్మ చెయ్యడానికి ఇంత ఖర్చు! పోనీ చేసేదెవరు? అమ్మ. పిల్లాడు అప్పటికే నిద్రపోయుంటాడు. ఆ ప్లాస్టిక్ సీసా పువ్వు నాలుగు రోజులు టీవీ పక్కన కూర్చుని దుమ్ము పట్టి, చివరికి చెత్తబుట్టలోకే పోతుంది.

నేను చూసేది ఒక్కటే. చేసిన వస్తువుతో పిల్లలు ఆడుకోవాలి. అందుకని ఈ రోజు మీకు ఒకే ఒక్క వస్తువు చెబుతాను. గంజపా. గుండ్రటి పేకముక్కలు.

ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడిలో, గంజాం వైపు పల్లెల్లో పెద్దవాళ్లకి ఈ ఆట తెలుసు. పూరీ దగ్గర రఘురాజ్‌పూర్ చిత్రకారులు ఇప్పటికీ ఈ ముక్కలు చేస్తారు. 96 ముక్కల కట్ట ఉంది, 120 ముక్కల దశావతారాల కట్టా ఉంది. ఒక్కో రంగులో, అంటే మన పేకలో ఆటీను, ఇస్పేటు లాంటి జట్టులో, ఒకటి నుంచి పది దాకా అంకెలు, పైన మంత్రి, ఆపైన రాజు. మరి దీనికి సరుకేమిటంటే పాత నూలుగుడ్డ, చింతపిక్కల జిగురు, సుద్దపొడి. మూడూ మన ఇళ్లలో ఉన్నవే. పట్టచిత్రం అనే ఒడియా బొమ్మలు వేసే గుడ్డ కూడా ఇలాగే తయారవుతుంది.

పిల్లలతో అన్ని ముక్కలు వద్దు, 24 చాలు. తాతగారి పాత పంచె ఉంటే అంతకు మించింది లేదు. పాలియెస్టర్ చీరకి జిగురు పట్టదు, నూలే కావాలి. మూరెడు పొడుగు, జానెడున్నర వెడల్పున మూడు ముక్కలు చింపండి. చింపడం పిల్లలకే వదిలెయ్యండి, బర్రున చిరిగే ఆ చప్పుడంటే వాళ్లకి భలే సరదా.

ఇక జిగురు. అసలు పనంతా జిగురులోనే ఉంది. పులుసుకి చింతపండు పిసికాక పిక్కలు పారెయ్యకుండా దాచండి. గుప్పెడు పోగయ్యాక సన్నసెగ మీద కాస్త వేయించి, నల్లటి పొట్టు కొట్టేసి, తెల్ల పప్పుని రెండు రోజులు నానబెట్టండి. తర్వాత మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి, అడుగంటకుండా కలుపుతూ ఉడికించండి. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్లదే సుమండీ. ముందు మజ్జిగలా తెల్లగా ఉంటుంది. ఉడికేకొద్దీ పలచటి అద్దం రంగొచ్చి, గరిటె ఎత్తితే తీగలా సాగుతుంది. అప్పుడు దించి, చల్లారనిచ్చి, పాత బనీను గుడ్డలో వడగట్టండి.

ఇక మొత్తం పిల్లల చేతికే. పీట మీద ఒక గుడ్డ పరిచి, జిగురు రాసి, దాని మీద రెండోది, మళ్లీ జిగురు, మూడోది. అరచేత్తో మధ్య నుంచి అంచులకి నొక్కుకుంటూ పోతే గాలి బుడగలు బయటికి పోతాయి. ఎండలో పడెయ్యకండి, అప్పడంలా వంకర్లు పోతుంది. నీడన ఆరనిచ్చి, కాస్త తడిగా ఉండగానే పైన బరువు పెట్టండి. ఆరాక చాక్‌పీసు ముక్కలు దంచిన పొడిని అదే జిగురులో కలిపి రెండు వైపులా పూసి, మళ్లీ ఆరబెట్టి, మహేంద్రతనయ నది ఒడ్డున దొరికే నున్నటి గులకరాయితో రుద్దండి. ఆ రుద్దుడుకి పిల్లలు ఓ పట్టాన లేవరు. చేతిగాజు పెట్టి గుండ్రాలు గీయించండి. కత్తెర చిన్నపిల్లలకి ఇవ్వకండి, మీరే కోసిపెట్టండి.

బొమ్మలు ఏం వెయ్యాలో మాత్రం మీరు చెప్పకండి. అవతారాలే వెయ్యాలని లేదు. జీడిపండు, ఏనుగు, రథం, రైలు, ఇలా నాలుగు రంగులు, రంగుకి ఆరు ముక్కలు. ఒక చుక్క నుంచి నాలుగు చుక్కల దాకా నాలుగు ముక్కలూ, రాజూ మంత్రీ అయితే సరిపోతాయి. అంకెలకి బదులు చుక్కలెందుకంటే, పక్కింటి ఒడియా పిల్లలూ మన పిల్లలూ కలిసి ఆడుకోవచ్చు.

ఆటలో ఒక చమత్కారం ఉంది. సగం రంగుల్లో ఎక్కువ చుక్కల ముక్క పెద్దది, మిగతా సగంలో తక్కువ చుక్కలదే పెద్దది. రాజూ మంత్రీ మాత్రం ఎక్కడైనా పైనే. జీడిపండు నాలుగు గెలుస్తుంది, ఏనుగు నాలుగు ఓడిపోతుంది. పెద్దవాళ్లు తికమకపడతారు, పిల్లలు పడరు.

జిగురు సంగతి ఇంకొక్క మాట. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. పిల్లలు చేత్తో ముట్టుకునే జిగురులో అది వద్దు, విషం. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకోండి. మిగిలితే ఆ రాత్రే చిరిగిన పాఠ్యపుస్తకాల అట్టలకి రాసెయ్యండి, మర్నాటికి పులిసి వాసనొస్తుంది.